అమ్మానాన్నలే పంతుళ్లు: ఇంటిబడిలో బోధనార్హత

పిల్లలను బడికి పంపకుండా, తల్లిదండ్రులే పూచీపడి ఇంట్లో చదివించే పద్ధతిని ఇంటిబడి అంటున్నారు. హోమ్ స్కూలింగ్ అన్న మాటే ఎక్కువ వాడుకలో ఉంది. బడి వదిలాక ట్యూషన్ చెప్పడం, వేసవి సెలవుల్లో ఎక్కాలు వల్లె వేయించడం దీని కిందికి రావు. పిల్లవాడు ఏం చదవాలి, ఎప్పుడు చదవాలి, ఎవరి దగ్గర చదవాలి, చదివింది వచ్చిందా రాలేదా అన్న వాటన్నిటికీ అమ్మానాన్నలే జవాబుదారీ అయినప్పుడే అది ఇంటిబడి. ఏ దేశంలో ఈ పద్ధతి తలెత్తినా ముందుగా ఎదురైన ప్రశ్న ఒకటే: చదువు చెప్పడానికి వీళ్లకున్న అర్హత ఏమిటి?

ప్రశ్న న్యాయమైనదే. మన దగ్గర ఒకటో తరగతికి పాఠం చెప్పాలంటే ఇంటర్ తర్వాత రెండేళ్ల డీఎడ్ చేయాలి, టెట్ గట్టెక్కాలి, ప్రభుత్వ బడిలో కొలువు కావాలంటే డీఎస్సీ కూడా రాయాలి. విద్యాహక్కు చట్టం 23వ సెక్షన్ ఇచ్చిన అధికారంతో జాతీయ ఉపాధ్యాయ విద్యా మండలి 2010 ఆగస్టులో ఈ కనీస అర్హతలు ఖరారు చేసింది. అదే పాఠం కన్నతల్లి చెబితే ఆమెకు ఇంత చదువు ఉండాలని మన దేశంలో ఏ చట్టమూ చెప్పలేదు. అమెరికాలోని అతిపెద్ద ఉపాధ్యాయ సంఘం నేషనల్ ఎడ్యుకేషన్ అసోసియేషన్ ఈ తేడానే ఎత్తిచూపుతూ, ఇంట్లో చెప్పేవాళ్లకైనా టీచర్ లైసెన్సు ఉండాల్సిందేనని ఏళ్ల తరబడి తీర్మానాలు చేసింది. తల్లిదండ్రుల తరఫువాళ్లు దానికి ఇచ్చే జవాబూ తేలికైనది కాదు. పిల్లకు మాటలు, నడక, మంచిచెడ్డలు నేర్పిన మనిషికి అక్షరాలు నేర్పడానికి పట్టా ఎందుకు అంటారు వాళ్లు.

కోర్టుకెక్కిన అర్హత

ఈ వివాదం ఎక్కువగా నలిగింది అమెరికాలోనే. అక్కడ 1852లో మసాచుసెట్స్ రాష్ట్రంతో మొదలైన నిర్బంధ విద్యా చట్టాలు 1918లో మిసిసిపీతో దేశమంతా పరుచుకున్నాయి. ప్రభుత్వ బడికే పంపాలని తల్లిదండ్రులను నిర్బంధించడం కుదరదని సుప్రీంకోర్టు 1925లో పియర్స్ కేసులో తేల్చింది. ఆమిష్ మతస్థుల పిల్లలను ఎనిమిదో తరగతి దాటాక హైస్కూలుకు బలవంతంగా పంపరాదని 1972లో యోడర్ కేసులో చెప్పింది. ఇంట్లో ఎవరు చెప్పవచ్చు అన్న ప్రశ్నను మాత్రం రాష్ట్రాలకే వదిలేసింది.

1967లో న్యూజెర్సీలో మాసా దంపతుల మీద కేసు నడిచింది. పన్నెండేళ్ల కూతురిని బడి మాన్పించి తల్లి ఇంట్లో చదివిస్తోంది. ఆమె చదువు హైస్కూలు వరకే, టీచర్ శిక్షణ లేదు. జడ్జి పట్టా సంగతి పక్కనబెట్టి తల్లి వాడుతున్న పుస్తకాలు, ఆమె తయారుచేసుకున్న పాఠాలు, పిల్ల పరీక్షల్లో తెచ్చుకున్న మార్కులు చూశారు. లెక్కల్లో తప్ప మిగతా అన్నిటిలో ఆ పిల్ల దేశం మొత్తం మీద నడిమి స్థాయి కంటే బాగా పైన ఉంది. బడిలో దొరికే చదువుకు ఇది సమానమేనని తీర్పు వచ్చింది. అర్హతను చెప్పేవారి కాగితాల్లో కాక నేర్చుకునేవారి చదువులో వెతకాలన్న ఆలోచన న్యాయస్థానంలో అంత స్పష్టంగా పలకడం చాలా పెద్ద మలుపు. లెక్కల్లో మాత్రం వెనకబాటు అన్న ఆ చిన్న వివరాన్ని కూడా గుర్తుపెట్టుకోవాలి, మళ్లీ దాని అవసరం వస్తుంది.

మసాచుసెట్స్ అత్యున్నత న్యాయస్థానం 1987లో ఒక మధ్యేమార్గం చూపింది. తల్లిదండ్రుల సామర్థ్యం ఎంతో స్థానిక విద్యాధికారులు అడిగి తెలుసుకోవచ్చు, పాఠ్యప్రణాళిక చూడవచ్చు, పిల్లల ప్రగతిని పరీక్షించవచ్చు. కానీ సర్టిఫికెట్ లేదనో డిగ్రీ లేదనో కారణం చూపి కాదనడానికి లేదు. మిషిగాన్‌లో కథ వేరుగా నడిచింది. అక్కడ అప్పట్లో ఇంట్లో చెప్పేవారికీ టీచర్ సర్టిఫికెట్ తప్పనిసరి. 1993 మేలో ఆ రాష్ట్ర సుప్రీంకోర్టు ఒకేరోజు రెండు తీర్పులిచ్చింది. మతవిశ్వాసం వల్ల ఇంట్లో చదివిస్తున్న డిజాంగ్ దంపతుల విషయంలో ఆ షరతు చెల్లదంది, అదీ నలుగురు జడ్జీలు ఒకవైపు, ముగ్గురు మరోవైపు. మత కారణం చెప్పని బెన్నెట్ దంపతులకు మాత్రం ఆ మినహాయింపు వర్తించదంది. ఒకే పాఠాన్ని ఇద్దరు తల్లులు చెబితే, ఒకరి అర్హత దేవుడి మీద నమ్మకంతో తేలడం వింతగా కనిపిస్తుంది. 1996లో చట్టమే మారి, సర్టిఫికెట్ లేకుండా ఇంట్లో చదివించే దారి అందరికీ తెరుచుకుంది. కాలిఫోర్నియాలో 2008 ఫిబ్రవరిలో ఒక అప్పీలు కోర్టు, టీచర్ సర్టిఫికెట్ లేని తల్లిదండ్రులు ఇంట్లో చెప్పరాదని తీర్పివ్వగానే రాష్ట్రమంతా గగ్గోలు లేచింది. అదే కోర్టు మళ్లీ విచారించి ఆగస్టులో తన తీర్పును తానే తిరగరాసింది.

ఇంతటి పోరాటం వెనుక రెండు వర్గాలున్నాయి. 1964లో 'హౌ చిల్డ్రన్ ఫెయిల్' రాసిన జాన్ హోల్ట్ బడిలో పాఠాలు చెబుతూ, పిల్లల్లో భయం ఎలా పేరుకుంటుందో దగ్గరగా చూసిన మనిషి. బడులు బాగుపడవన్న నిర్ణయానికి వచ్చి 1977లో 'గ్రోయింగ్ వితౌట్ స్కూలింగ్' పత్రిక పెట్టారు. ఆయన వెంట నడిచినవాళ్లు స్వేచ్ఛావాదులు. 1980లలో వీళ్లకంటే పెద్ద సంఖ్యలో క్రైస్తవ కుటుంబాలు ఈ దారి పట్టాయి. 1983లో ఏర్పడిన హోమ్ స్కూల్ లీగల్ డిఫెన్స్ అసోసియేషన్ వారి కేసులు వాదించింది. 1993 నాటికి 50 రాష్ట్రాల్లోనూ ఇంటిబడి చట్టబద్ధమైంది. ప్రభుత్వ లెక్కల ప్రకారం 1999లో సుమారు 8.5 లక్షల మంది పిల్లలు ఇలా చదివేవారు, 2012 నాటికి వాళ్లు దాదాపు 17.7 లక్షలయ్యారు.

చట్టం ఎంత అడుగుతుంది

అమెరికాలో ఎక్కువ రాష్ట్రాలు తల్లిదండ్రుల చదువు ఎంతని అడగనే అడగవు. పెన్సిల్వేనియా, జార్జియా, నార్త్ కరొలైనా వంటివి హైస్కూలు చదువో దానికి సమానమైనదో ఉండాలంటాయి. వాషింగ్టన్ రాష్ట్రం 1985లో చేసిన చట్టం వీటన్నిటిలో ఆలోచనతో కూడినదని చెప్పుకోవచ్చు. కొంతమేరకు కాలేజీ చదువైనా ఉండాలి, లేదా ఇంటిబడి మీద ఒక కోర్సు పూర్తిచేయాలి, లేదా సర్టిఫికెట్ ఉన్న టీచర్ పర్యవేక్షణలో చెప్పాలి, లేదా స్థానిక విద్యాధికారి సరేననాలి. నాలుగు తలుపుల్లో ఏదో ఒకటి తెరుచుకుంటే చాలు. చదువుకోని తల్లికి కూడా ఒక దారి మిగులుతుంది, ఆ దారిలో ఒక టీచర్ తోడుంటారు.

ఐరోపాలో ఎవరి పద్ధతి వారిదే. జర్మనీలో అసలు ఇంటిబడికే చోటులేదు. తల్లిదండ్రులు ఎంత చదువుకున్నవారైనా పిల్లలు బడికి వెళ్లాల్సిందే. కోన్రాడ్ కేసులో 2006లోనూ, వుండర్లిష్ కేసులో 2019లోనూ ఐరోపా మానవహక్కుల న్యాయస్థానం ఆ వైఖరిని తప్పుపట్టలేదు. భిన్నమైన కుటుంబాల పిల్లలు కలిసి పెరగాలన్నది జర్మనీ వాదన. తల్లిదండ్రుల సమర్థత అక్కడ చర్చకే రాదు. ఫ్రాన్స్‌లో 1882 నుంచి సమాచారం ఇస్తే సరిపోయేది. 2021లో చేసిన చట్టంతో 2022 నుంచి ముందస్తు అనుమతి తప్పనిసరైంది. చెక్ దేశంలో ప్రాథమిక స్థాయి పిల్లలకు చెప్పేవారు హైస్కూలు ముగింపు పరీక్ష పాసై ఉండాలి. ఆస్ట్రియా తల్లిదండ్రుల జోలికి వెళ్లదు. పిల్లలు మాత్రం ఏటా పరీక్ష రాయాలి, తప్పితే బడికి వెళ్లాలి. ఇంగ్లండ్ 1996 విద్యా చట్టంలోని ఏడో సెక్షన్ పిల్లలకు తగిన చదువు బడిలోనైనా ఇతరత్రానైనా అందించే బాధ్యతను తల్లిదండ్రుల మీద పెట్టింది, అర్హతల ఊసెత్తలేదు.

టీచర్ శిక్షణ ఏమిస్తుంది

డీఎడ్, బీఈడీ చదువులో పెద్ద భాగం ఇంట్లో అక్కరకు రానిదే. నలభై మంది ఉన్న గదిని అదుపులో పెట్టడం, పీరియడ్‌కు సరిపడా పాఠ్యపథకం రాయడం, తరగతి మొత్తానికి ఒకే ప్రశ్నపత్రం తయారుచేయడం, రికార్డులు నింపడం ఇవన్నీ గుంపుకు చెప్పే విద్యలు. ఒక పిల్లనో ఇద్దరినో పక్కన కూర్చోబెట్టుకున్న తల్లికి వీటితో పనిలేదు. ఒకరికి ఒకరు చెప్పే చదువులో ఉన్న బలం కూడా తక్కువది కాదు. అమెరికన్ విద్యావేత్త బెంజమిన్ బ్లూమ్ 1984లో ప్రచురించిన వ్యాసం ప్రకారం, ఒంటరిగా ట్యూషన్ చెప్పించుకున్న సగటు విద్యార్థి మామూలు తరగతిలోని 98 శాతం మందిని దాటేశాడు. తర్వాతి పరిశోధనల్లో ఆ లాభం అంత పెద్దదిగా కనిపించలేదు గానీ, లాభమైతే ఉందని తేలింది.

ఆ శిక్షణలోనే మరో భాగముంది, అదే విలువైనది. పిల్ల 52 లోంచి 27 తీసేసి 35 అని రాసిందనుకుందాం. 'సరిగ్గా చూసి చెయ్యి' అంటుంది తల్లి. పదేళ్లు ఒకటి రెండు తరగతులకు చెప్పిన పంతులమ్మకు ఆ తప్పు పాతచుట్టం. రెండులోంచి ఏడు పోదు కాబట్టి పిల్ల ఏడులోంచి రెండు తీసేసింది. అది పరధ్యానం కాదు, పిల్ల తనకు తానే కట్టుకున్న ఒక నియమం. పదుల ఇంట్లోంచి అప్పు తెచ్చుకోవడం పుల్లల కట్టలతో చూపిస్తే తప్ప ఆ నియమం వదలదు. లెక్క రావడం వేరు, లెక్క ఎక్కడ తప్పుతుందో తెలియడం వేరు. లీ షుల్మన్ అనే విద్యావేత్త 1986లో ఈ రెండో రకం జ్ఞానాన్ని ప్రత్యేకంగా గుర్తించి, ఉపాధ్యాయ వృత్తికి ఆయువుపట్టు అదేనన్నారు. ఇంజినీరింగ్ చదివిన తండ్రికి మొదటిది పుష్కలంగా ఉండి రెండోది బొత్తిగా లేకపోవచ్చు. 'ఇంత సులువైంది కూడా రాదా' అన్న కసురు పుట్టేది అక్కడే.

తెలియనివాడు తెలియనివాడికి నేర్పగలడా అన్న ప్రశ్నకు రెండు వందల ఏళ్ల కిందటి ఉదాహరణ ఒకటుంది. 1818లో లూవేన్‌లో జోసెఫ్ జకోటో అనే ఫ్రెంచి పండితుడు పాఠం చెప్పాల్సివచ్చింది. విద్యార్థులకు ఫ్రెంచి రాదు, ఆయనకు వాళ్ల ఫ్లెమిష్ రాదు. రెండు భాషల్లో పక్కపక్కనే అచ్చయిన పుస్తకం ఒకటి చేతికిచ్చి పోల్చుకుంటూ చదవమన్నాడు. వాళ్లు ఫ్రెంచి నేర్చేసుకున్నారు. చదువురాని తల్లిదండ్రులు సైతం పిల్లలకు చదువు చెప్పగలరని ఆయన దీన్నుంచి వాదించాడు. దాన్ని అంతదూరం లాగలేం. లూవేన్ విద్యార్థులు అప్పటికే ఒక భాషలో బాగా చదవడం వచ్చిన పెద్దవాళ్లు. పక్కన మంచి పుస్తకముంటే గురువు లోటు చాలావరకు పూడుతుందన్న మేరకు ఆ కథ నిజం.

పుస్తకం, సామగ్రి, వెనుక నిలబడే ఒక వ్యవస్థ ఉంటే మామూలు తల్లి ఎంత చేయగలదో ఆస్ట్రేలియా చూపింది. 1951లో ఆలిస్ స్ప్రింగ్స్‌లో 'స్కూల్ ఆఫ్ ది ఎయిర్' మొదలైంది. వందల మైళ్లకొక ఇల్లుండే ఆ పశువుల మేత భూముల్లో, ఫ్లయింగ్ డాక్టర్ల కోసం పెట్టిన రేడియో మీదే పాఠాలు నడిచాయి. రేడియోలో టీచర్ మాట్లాడేది కాసేపే. మిగతా రోజంతా పిల్లల పక్కన కూర్చుని ఆ పాఠం చేయించేది తల్లి. ఆమెను అక్కడ 'హోమ్ ట్యూటర్' అంటారు. బాల్టిమోర్‌లోని కాల్వర్ట్ స్కూల్ అంతకుముందే 1906 నుంచి పాఠాలను పోస్టులో ఇళ్లకు పంపేది. మన మదనపల్లె దగ్గర రిషీవ్యాలీ చుట్టుపక్కల పల్లెల్లో నడిచిన ఏకోపాధ్యాయ బడులకూ ఈ చర్చకూ దగ్గరి సంబంధం ఉంది. అవి ఇంటిబళ్లు కావు. కానీ ఊళ్లోని యువతీయువకులకే శిక్షణనిచ్చి, మెట్టుమెట్టుగా పేర్చిన అభ్యాస కార్డులను ఒక పెట్టెలో పెట్టి చేతికిచ్చారు. పిల్లలు నిచ్చెన ఎక్కినట్లు ఎవరి వేగంతో వాళ్లు ముందుకు సాగారు. చెప్పేవారి డిగ్రీ కంటే ఆ పెట్టెలోని క్రమం ఎక్కువ పనిచేసింది.

అధ్యయనాల్లో తేలినంత

లారెన్స్ రడ్నర్ 1999లో 20,760 మంది ఇంటిబడి పిల్లల మార్కులు పరిశీలించారు. సగటున వాళ్లు బడిపిల్లల కంటే బాగా ముందున్నారు. తల్లిదండ్రుల్లో ఒకరికి టీచర్ సర్టిఫికెట్ ఉన్నా లేకున్నా చెప్పుకోదగ్గ తేడా రాలేదు. ఈ ఫలితాన్ని పట్టుకుని వాదించేవాళ్లు ఒకటి మరచిపోతారు. ఆ పరీక్షకు పిల్లలను పంపినవి సొంతంగా ముందుకొచ్చిన కుటుంబాలు, వాటిలో అధికభాగం చదువూ స్థిరమైన రాబడీ ఉన్నవి. ఆ పిల్లలే బడికెళ్లినా మార్కులు తెచ్చుకునేవారేమో. అందులోనే తల్లిదండ్రుల మామూలు చదువు పెరిగేకొద్దీ పిల్లల మార్కులూ పెరిగాయి.

కెనడాలో శాండ్రా మార్టిన్-చాంగ్, సహపరిశోధకులు 2011లో ప్రచురించిన అధ్యయనం చిన్నదే గానీ అసలు కీలకానికి దగ్గరగా వెళ్లింది. 37 మంది బడిపిల్లలు, 37 మంది ఇంటిబడి పిల్లలు. ఇంటిబడి పిల్లల్లో 25 మంది ఒక ప్రణాళిక, వేళాపాళా ఉన్న ఇళ్లవారు, 12 మంది ఏ పద్ధతీ లేకుండా పిల్లల ఇష్టానికి వదిలిన ఇళ్లవారు. మొదటి జట్టు బడిపిల్లలను మించింది. రెండో జట్టు అందరికంటే వెనకబడింది. రాబర్ట్ కుంజ్‌మన్, మిల్టన్ గైథర్ 2013లో అప్పటిదాకా వచ్చిన పరిశోధనలన్నీ వడపోసి, ఇంటిబడి పిల్లలు చదవడంలో, భాషలో బలంగా, గణితంలో కొంత బలహీనంగా ఉంటారని గమనించారు. న్యూజెర్సీ అమ్మాయి లెక్కల మార్కు ఒంటరి ఉదాహరణ కాదన్నమాట. కథలు చదివే ఇంట్లో భాష తనంతట అదే పెరుగుతుంది. భిన్నాలు అలా పెరగవు.

ఎక్కడ చేతులెత్తేస్తారు

ఆరేడు తరగతుల వరకు ఓపికున్న తల్లిదండ్రులు లాక్కురాగలరు. తర్వాత బీజగణితం, రసాయనశాస్త్ర ప్రయోగాలు వస్తాయి. అన్నీ తామే చెప్పాలనుకున్నవాళ్లు అక్కడ చిక్కుకుంటారు. ఎవరి దగ్గర ఏది నేర్పించాలో చూసుకునేవాళ్లు దాటేస్తారు. అమెరికాలో ఇంటిబడి కుటుంబాలు కలిసి ఒకరు లెక్కలు, ఒకరు సైన్సు పంచుకుని చెప్పడం, పెద్దపిల్లలను ఊళ్లోని కమ్యూనిటీ కాలేజీకి పంపడం మామూలే. తనకు తెలియనిది ఎక్కడ మొదలవుతుందో ఎరిగి ఉండటమే ఈ పనికి ముఖ్యమైన అర్హత.

డిస్లెక్సియా వంటి ఇబ్బందులు మరీ కష్టం. అక్షరాలు తారుమారు చేసే పిల్లను తొందర లేదులే, తనే నేర్చుకుంటుందని నాలుగేళ్లు వదిలేస్తే పోయిన కాలం తిరిగిరాదు. పోల్చుకోవడానికి పక్కన మరో ముప్పైమంది పిల్లలు లేనందువల్ల తల్లికి అనుమానమే రాకపోవచ్చు.

కోపం ఇంకొకటి. సొంత బిడ్డకు చెప్పేటప్పుడు వచ్చినంత అసహనం పరాయి బిడ్డ దగ్గర రాదు. పాఠశాలల తనిఖీ అధికారిగా పనిచేసిన చలం 'బిడ్డల శిక్షణ' పేరుతో ఒక పుస్తకమే రాశారు, తల్లిదండ్రులు పిల్లల మీద చలాయించే పెత్తనాన్ని ఆయన సహించలేదు. చరిత్రలో ఇందుకు పెద్ద సాక్ష్యం జాన్ స్టూవర్ట్ మిల్. తండ్రి జేమ్స్ మిల్ భారతదేశ చరిత్ర రాసుకుంటున్న బల్లకు మరోపక్క కూర్చోబెట్టి, మూడో ఏటినుంచే కొడుకుకు గ్రీకు మొదలుపెట్టాడు, ఎనిమిదో ఏట లాటిన్. ఆ చదువు గొప్పదనడంలో సందేహం లేదు. ఇరవయ్యో ఏట, 1826లో, ఆ కొడుకు దేనిమీదా ఆశలేని దిగులులో పడ్డాడు. విశ్లేషణ తప్ప అనుభూతికి చోటివ్వని ఆ పెంపకమే కారణమని తన ఆత్మకథలో తానే రాసుకున్నాడు.

అన్నిటికంటే భయంకరమైనది ఇంటి తలుపు వెనుక జరిగేది. 2018లో కాలిఫోర్నియాలోని పెర్రిస్‌లో పదమూడుమంది సంతానాన్ని తల్లిదండ్రులు కట్టేసి, తిండి పెట్టకుండా హింసించిన వైనం బయటపడింది. ఆ ఇల్లు ప్రభుత్వ రికార్డుల్లో ప్రైవేటు బడిగా నమోదై ఉంది. హార్వర్డ్ ఆచార్యురాలు ఎలిజబెత్ బార్తొలెట్ 2020లో, ప్రత్యేక అనుమతి ఉంటే తప్ప ఇంటిబడిని నిషేధించాలని వాదించడానికి ఇటువంటి ఘటనలు ఒక కారణం. ఇంటిబడిలో చదివి పెద్దయినవాళ్లు 2013లో కొయలిషన్ ఫర్ రెస్పాన్సిబుల్ హోమ్ ఎడ్యుకేషన్ స్థాపించి నిషేధం కాకుండా పర్యవేక్షణ అడుగుతున్నారు. అనుభవించినవాళ్ల మాటగా దీనికి ఎక్కువ బరువివ్వాలి. తల్లిదండ్రుల డిగ్రీ చూసి పెర్రిస్ ఇంటిని ఎవరూ పట్టుకోగలిగేవారు కారు. ఏడాదికొకసారి పిల్లలను బయటి మనిషి చూసి, పలకరించి ఉంటే పట్టుకునేవారు.

మన దగ్గర

2010 ఏప్రిల్ 1న అమల్లోకి వచ్చిన విద్యాహక్కు చట్టం ఆరు నుంచి పద్నాలుగేళ్ల పిల్లలను దగ్గరి బడిలో చేర్పించడం తల్లిదండ్రుల విధి అని 10వ సెక్షన్‌లో చెప్పింది. చేర్పించకపోతే శిక్ష ఏమిటో చెప్పలేదు. ఇంటిబడి అన్న మాటే ఎత్తలేదు. ఆ సందులోనే మన నగరాల్లో కొన్ని కుటుంబాలు పిల్లలను ఇంట్లో చదివిస్తున్నాయి.

తెలుగునేల మీద ఈ చర్చకు మరోముఖం ఉంది, దాన్ని విస్మరించి తల్లిదండ్రుల హక్కు గురించి మాట్లాడటం తప్పు. రంగారెడ్డి జిల్లాలో 1990లలో ఎం.వి. ఫౌండేషన్ పత్తిచేలలో, పశువుల వెంట ఉన్న పిల్లలను శిబిరాలకు తెచ్చి బడిబాట పట్టించింది. ఆ సంస్థను నడిపిన శాంతా సిన్హాకు 2003లో మెగసెసే పురస్కారం తెచ్చిన ఆ ఉద్యమానికి ఒక్కటే సూత్రం: బడిలో లేని ప్రతి పిల్లా బాలకార్మికురాలే. 2011 జనాభా లెక్కల్లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ అక్షరాస్యత 67 శాతం, ఆడవాళ్లలో 59. అక్షరం రాని లక్షలాది తల్లులకు బడి ఒక్కటే దిక్కు. కరోనా కాలంలో 2020 సెప్టెంబరు నుంచి తెలంగాణలో టీ-శాట్‌లో, దూరదర్శన్ యాదగిరిలో పాఠాలు వచ్చినప్పుడు, పక్కన కూర్చుని వివరించేవాళ్లున్న ఇళ్లకూ లేని ఇళ్లకూ తేడా ఊరూరా కనిపించింది. అందుకే ఇక్కడ ఇంటిబడికి వెసులుబాటిచ్చే ఏ నిబంధనైనా పనికి తరలిన పిల్లలను దాచే ముసుగు కాకుండా చూడాలి. తల్లి చదువెంత అని కాదు, పిల్లకు ఏటేటా ఏం వచ్చింది అని అడిగే నిబంధనే ఆ రెంటినీ వేరుచేయగలదు.

అటువంటి కొలబద్ద కొంతవరకు ఇప్పటికే ఉంది. 1989లో ఏర్పడిన జాతీయ సార్వత్రిక పాఠశాల మూడు, ఐదు, ఎనిమిది తరగతులకు సమానమైన స్థాయిల్లో చదువును గుర్తిస్తుంది. పద్నాలుగేళ్లు నిండితే పది, పదిహేను నిండితే ఇంటర్ స్థాయి పరీక్ష కట్టవచ్చు. రెండు తెలుగు రాష్ట్రాలకూ సొంత ఓపెన్ స్కూళ్లున్నాయి. పది ప్రైవేటుగా కట్టడం మన ఊళ్లకు కొత్త కాదు. ఈ పరీక్షల పట్టాను తేలిగ్గా తీసుకుంటే ఏమవుతుందో ముంబయి అమ్మాయి ఒకరి ఉదంతం చెబుతుంది. ఏడో తరగతికే బడి మానేసి ఇంట్లో చదివిన ఆమె అంతర్జాతీయ ఇన్ఫర్మాటిక్స్ ఒలింపియాడ్‌లో మూడు పతకాలు గెలిచింది. పన్నెండో తరగతి పాసు కాలేదు కాబట్టి ఐఐటీ తలుపులు తెరుచుకోలేదు. 2016లో అమెరికాలోని ఎంఐటీ సీటిచ్చింది.

విదేశాల్లోని తెలుగువాళ్లలో తల్లిదండ్రులే గురువులయ్యే పని ఎక్కువగా తెలుగు దగ్గర జరుగుతోంది. 2007లో మొదలైన సిలికానాంధ్ర మనబడిలో వారాంతాల్లో ఓనమాలు, గుణింతాలు చెప్పేది స్వచ్ఛందంగా వచ్చిన అమ్మలూ నాన్నలే, వారిలో చాలామంది వృత్తిరీత్యా టీచర్లు కారు. వాళ్ల చేతిలో స్థాయిల వారీగా కూర్చిన పాఠ్యపుస్తకం ఉంటుంది. పిల్లలకు పరీక్ష పెట్టి పట్టా ఇచ్చింది మాత్రం వాళ్లు కాదు, హైదరాబాదులోని పొట్టి శ్రీరాములు తెలుగు విశ్వవిద్యాలయం.